తలకిందుల గీత

అండాలును చంపింది ఆమె తమ్ముడు ఐలేశం. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు గాలయ్య చెప్పాడు. జడ్చర్ల బస్సు కోసం నిలబడ్డవాళ్లకు చెప్పాడు, కల్లు దుకాణంలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాడు, ఓట్లడగ వచ్చినవాళ్లకూ చెప్పాడు. గొంతు పెంచలేదు, కళ్లు తడి చేసుకోలేదు. నిన్న వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాడు గనుక ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

పొద్దు చెట్ల మీదికి ఎక్కేసరికి అతను కూలికి పోయే కమలాకర్ పటేలు మక్కచేనులో సగం దాకా వచ్చాడు. మక్క తొడల ఎత్తు ఉంది. ఆకుల మీద రాత్రి మంచు ఇంకా ఆరలేదు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు అంటుకుంది. నడుముకు పాత యూరియా సంచితో కుట్టిన జోలె. జోలెలో సున్నం కలిపిన పొడి ఇసుక. ఎడమచేతి వేళ్లతో మొక్క నడిమి మొవ్వును విప్పుతాడు, కుడిచేత్తో చిటికెడు ఇసుక అందులో జారవిడుస్తాడు, అడుగు వేస్తాడు. మళ్లీ విప్పుతాడు. ఇసుక పురుగు ఒంటిని గీస్తుంది, సున్నం ఆ గీతల్లో మండుతుంది. చావడానికి పురుగుకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

కొన్ని మొవ్వుల్లో పైకే తెలుస్తుంది. ఆకులకు అడ్డంగా వరసగా చిల్లులు, దారపు కుట్టు పీకేసినట్టు. మొవ్వు మూతి దగ్గర రంపపు పొట్టులాంటి తడి రెట్ట. అలాంటి చోట గాలయ్య ఇసుక పోయడు. రెండు వేళ్లు లోపలికి దించి, పురుగును పైకి తీసి, అరచేతిలో వేసుకుని చూస్తాడు. అతనికి చూపు తగ్గింది. అయినా పట్టి పట్టి చూస్తాడు. నల్లటి తల మీద తెల్లని గీత నుదుటి నుంచి కిందికి దిగి రెండుగా చీలుతుంది, పంగలకర్రను తలకిందులు చేసినట్టు. తోకకు కొంచెం ఇవతల నాలుగు నల్లచుక్కలు, నులకమంచానికి నాలుగు కోళ్లలాగా. గీత ఉందా, చుక్కలు ఉన్నాయా చూసుకున్నాకే బొటనవేలి గోటితో నొక్కుతాడు. చూడకుండా ఏ పురుగునూ చంపడు.

పక్క సాలులో వజీరా అతనికంటే ముందు పోతోంది. ఆమెకు యాభై దాటాయి. చీర కుచ్చెళ్లు పైకి దోపి, తలకు తువ్వాల చుట్టుకుని, రెండు చేతులతో రెండు మొక్కలు ఒకేసారి చూస్తుంది.

"ఏం గాలన్నా, దాని మొఖం చూసుడు అయిందా? పెండ్లిచూపులకు వోయినోని తీరు చూస్తవు."

"చూడాలె."

"చూస్తే ఏమంటది? సలామలేకుం అంటదా?"

గాలయ్య గోటికి అంటిన పచ్చటి పసరు లుంగీకి రాసుకున్నాడు.

"అమెరికా నుంచి వచ్చిందంట గదా," అంది వజీరా. "ఓడ ఎక్కి వచ్చిందో, ఇమానం ఎక్కి వచ్చిందో. నేను సచ్చేలోపల హైదరాబాద్ ఇమానం చూస్తనో చూడనో. పురుగుకున్న నసీబు నాకు లేకపాయె."

అమెరికా నుంచే వచ్చిందని గాలయ్యకూ చెప్పారు. వ్యవసాయం ఆఫీసువాళ్లు గోడకు అంటించిన కాగితంలో దాని బొమ్మ ఉంది, కింద కత్తెర పురుగు అని రాసి ఉంది. వాళ్ల దేశంలో అది చలికి చస్తుందట. చలి తగ్గాక వెచ్చటి దిక్కు నుంచి రెక్కల పురుగై ఎగిరి మళ్లీ వస్తుందట. ఇక్కడ చంపేంత చలి లేదు. ఏడాది పొడుగునా మక్క ఉంది, మక్క లేనప్పుడు జొన్న ఉంది. ఒక్కో గుడ్ల కుప్ప మీద బూజులాంటి నూగు కప్పి పోతుంది తల్లి. గుడ్డు పగిలితే వందల పిల్లలు. అవి దారం పోసుకుని గాలికి ఊగుతూ మొక్క నుంచి మొక్కకు పోతాయి. ఒక మొవ్వులో నాలుగైదు దిగినా చివరికి మిగిలేది ఒకటే. కలిసి బతకడం దానికి రాదు. పెద్దది చిన్నవాటిని తింటుంది. తిని, తన రెట్టతోనే తలుపు మూసుకుని లోపల కూర్చుంటుంది.

ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ముందు తెలిసి ఉండాల్సింది ఐలేశంకు.

గట్టు మీద ఎవరో వస్తున్నట్టు అలికిడైతే వజీరా నడుము ఎత్తి చూసింది. చూసి, "నీ కోడలు వస్తుంది," అంది మెల్లగా.

శోభ చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో జాగ్రత్తగా నడుస్తోంది. ఐలేశంకు ఒక్కతే బిడ్డ. జడ్చర్లలో ఇచ్చారు, అక్కడే బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు గాలయ్య మెడ మీద ఎక్కి పీర్ల పండగ చూసింది. ఈ ఆరేళ్లలో దారిలో ఎదురైనా తల దించుకుని పోయేది. ఇవాళ దించుకోలేదు.

"మామా."

గాలయ్య మొవ్వు విప్పాడు.

"బాపుకు మంచిగ లేదు."

"విన్న."

"దవాఖానోళ్లు ఇంటికి తోలిచ్చిండ్రు. ఇంక మా చేతుల లేదన్నరు. కడుపు కుండ లెక్క ఉబ్బింది. నిద్ర లేదు. నీ పేరే తీస్తుండు."

"నా పేరెందుకు?"

"ఒక్కటి అడగాల్నట. మాకు చెప్తలేడు. బావను పిలువుండ్రి, బావకే తెలుసు అంటుండు."

గాలయ్య చెయ్యి మొవ్వులో ఆగింది. లోపల ఏమీ లేదు, వట్టి మొవ్వు. అయినా వేళ్లు అక్కడే ఉన్నాయి.

"నాకేం తెల్వదు."

"తెలిస్తే చెప్పు, లేకుంటే తెల్వదని చెప్పు. మనిషి ఎదురుంగ నిలవడి చెప్పు మామా. పానం అంతదాకనే ఆగినట్టున్నది."

"పనున్నది."

"పని రేపు లేదా?"

"రేపటికి పురుగు కిందికి దిగుతది. దిగినంక ఇసుక వోసినా దండుగ."

శోభ ఏడుస్తుందేమోనని వజీరా తువ్వాల విప్పి మళ్లీ చుట్టుకుంది. శోభ ఏడవలేదు.

"అత్త ఉంటే నిన్ను చెయ్యి వట్టి గుంజుకొస్తుండె," అంది.

"అత్త ఉంటే నువ్వు ఈడికి రావాల్సిన పనే లేకుండె."

ఆమె వెనక్కి తిరిగింది. గట్టు చివర దాకా పోయి చెప్పులు వేసుకుంది. గాలయ్య ఇసుక తీశాడు, మొవ్వులో పోశాడు. పక్కనే ఉన్న మొక్కను చూడకుండా దాటిపోయాడు. అది వజీరా చూసింది, వచ్చి తాను విప్పింది.

"నువ్వు మనిషివా, రాయివా?" అంది.

"నీ సాలు నువ్వు చూసుకో వజీరమ్మా."

"నా సాలు మంచిగనే ఉన్నది. నీదే వంకర వోతుంది."

*

గాలయ్య నందికొండ దిక్కు సాగర్ కాలువ పనుల దగ్గర గుడారంలో పుట్టాడు. పాలమూరు నుంచి మన్ను మోయడానికి పోయినవాళ్లలో అతని నాయిన ఒకడు, తల్లి ఒకతె. కాలువ అయిపోయాక ఊరికి వచ్చారు. ఊళ్లో బడి ఐదో తరగతి దాకా ఉంటే అంతదాకా చదివాడు. రెండెకరాల చెల్క ఉంది. వాన పడ్డ ఏడు దున్నాడు, పడని ఏడు మేస్త్రీ వెంట బొంబాయి, పూనా పోయి రాళ్లు కొట్టాడు. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు. అతనిలాంటివాళ్లు ఆ మండలంలో ప్రతి ఇంటికీ ఒకరు ఉంటారు.

అండాలును చేసుకున్నప్పుడు ఆమె వెంట తమ్ముడు కూడా వచ్చాడు. తల్లి లేని పిల్లగాడు, ముక్కు కారుతూ అక్క కొంగు పట్టుకుని ఎడ్లబండి దిగాడు. అండాలుకు పిల్లలు పుట్టలేదు. దవాఖానలకు తిరిగారు, దర్గాలకు తిరిగారు, తర్వాత మానేశారు. ఐలేశం ఉన్నాడు కదా అనుకున్నారు. గాలయ్యే అతన్ని భుజాన వేసుకుని బడికి తీసుకుపోయాడు. పెద్దయ్యాక ఇంటర్ పాసయ్యాడు. రోడ్డు మీద పురుగుమందుల దుకాణం పెడతానంటే చెక్క అల్మారాలు గాలయ్య నెత్తిన మోసుకొచ్చాడు. దుకాణం వెనకే ఇల్లు కట్టుకున్నారు.

ఊళ్లో పంటకు రోగం వస్తే పొలం దగ్గరికి ఎవరూ రారు. రైతే ఇంత ఆకు తెంపి, రెండు పురుగులు పట్టి, పాలిథిన్ కవరులో వేసి మూతి ముడి వేసి దుకాణానికి తీసుకుపోతాడు. దుకాణదారు కవరు పైకెత్తి చూస్తాడు, వెనక్కి తిరిగి అల్మారాలోంచి డబ్బా తీస్తాడు. అంతే వైద్యం. ఐలేశం చెయ్యి మంచిదని పేరు. చుట్టుపక్కల తండాల నుంచి కూడా వచ్చేవాళ్లు.

ఆరేళ్ల కింద తమ చేనుకు పురుగు పడితే అండాలు తానే కవరు తీసుకుపోయింది. తమ్ముడి దుకాణమే గదా. గిరాకీ ఉంది, ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. కవరు లోపల ఆవిరి పట్టి మసకగా ఉంది. ముడి విప్పలేదు. బల్బు కింద ఎత్తి చూశాడు.

"లద్దె పురుగే అక్కా," అన్నాడు.

లద్దె పురుగును గాలయ్య తాత కాలం నుంచి ఎరుగుదురు. అది పగలు మన్నులో దాక్కుంటుంది, చీకటి పడ్డాక పైకి వస్తుంది. దానికి మందు కలిపిన తవుడు బెల్లం ఉండలు చేసి సాయంత్రం సాళ్ల మధ్య నేల మీద పెడతారు. అండాలు ఉండలు చేసింది, ఇద్దరూ కలిసి పెట్టారు. పొద్దున చూస్తే నేల మీద ఉండలు ఉండల్లాగే ఉన్నాయి. పురుగు నేల మీద లేదు. మొవ్వులో తలుపు మూసుకుని ఉంది. వారం తిరగకుండా చేను జల్లెడైంది.

కవరు ముడి విప్పి ఉంటే. తల మీద గీత చూసి ఉంటే. అప్పటికి ఆ గీత సంగతి ఎవరికీ తెలియదని ఊళ్లో కొందరన్నారు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. కొత్త పురుగు అని చెప్పాలి. ఎరిగినట్టు చెప్పాడు. గాలయ్యకు అది చాలు.

*

మధ్యాహ్నం గట్టు మీద కానుగ చెట్టు కింద సద్ది విప్పారు. గాలయ్య ముందు చేతులు కడుక్కున్నాడు. తాగే నీళ్లు వేరే డబ్బాలో తెచ్చుకుంటాడు, చేతులకు వేరే డబ్బా. మోచేతుల దాకా సబ్బు పెట్టి, గోళ్ల సందులు వేపపుల్లతో గీరి, మళ్లీ సబ్బు పెట్టి కడిగాడు. అతను కడుగుతున్నంతసేపట్లో వజీరా రెండు రొట్టెలు తినేసింది.

"తోలు ఊడుతది," అంది.

"ఊడనీ."

"ఇసుక వట్టిన చేతులే గదా. మందు వట్టినవా?"

మందు కొట్టే చేనులోకి గాలయ్య కూలికి పోడు. ఆ సంగతి కమలాకర్‌కు తెలుసు. మందు కొట్టాల్సిన రోజు ఇతన్ని పిలవడు. తన రెండెకరాలు పక్కవాళ్లకు కౌలుకిచ్చి, ఆ దారిన నడవడం కూడా మానేశాడు.

జొన్నరొట్టె తుంపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నీళ్లు తాగాడు.

ఐలేశం ఏం అడుగుతాడో అతనికి తెలుసు. ఆరేళ్లుగా తెలుసు.

ఉండలు పనిచేయలేదని చెప్పడానికి రెండోసారి దుకాణానికి పోయింది గాలయ్యే. మబ్బు పట్టిన పొద్దు, దుకాణంలో గిరాకీ లేదు. ఐలేశం ముఖం చిన్నబోయింది. వెనక అల్మారాలోంచి పెద్ద డబ్బా తీశాడు. పంపు మూతి మొవ్వులోకి పెట్టి కొట్టాలన్నాడు. ఒకరు ముందు నడిచి మొవ్వు విప్పి పట్టుకోవాలన్నాడు. డబ్బా అట్టపెట్టెలో పెట్టి, దాని మీద నీలంరంగు రబ్బరు గ్లౌజుల జత పెట్టాడు. "గిది మొండి మందు బావా. అక్క చేతులకు తప్పకుండ తొడిగియ్యి," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

మర్నాడు చేనులో అండాలు తొడుక్కుంది. ముందు ఆమె, వెనక పంపు వీపున వేసుకుని గాలయ్య. గ్లౌజులు ఆమె చేతులకు పెద్దవి. వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడాయి. లేత ఆకు ఒకటి పడితే రెండు వచ్చేవి, జారేవి, చిరిగేవి. మొదటి సాలు సగమైనా కాకముందే ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"అవి తీసెయ్యి. గిట్లయితే పొద్దు గూకినా ఒడవది," అన్నాడు గాలయ్య.

ఆమె తీసి నడుముకు దోపుకుంది. తర్వాత పని చకచకా సాగింది. మొవ్వు విప్పిన ప్రతిసారీ మందు ఆమె వేళ్ల మీదుగా మణికట్టు దాకా కారింది, మొక్క ఎత్తుగా ఉన్న చోట ముఖాన చిమ్మింది. మధ్యాహ్నానికి డ్రమ్ములో నీళ్లన్నీ పంపులోకే పోయాయి. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని రొట్టె తిన్నది. తింటూ, "కండ్లు మసకగ అవుతున్నయి," అంది. "ఎండకు," అన్నాడు. పొద్దు వాలేటప్పటికి నోటి వెంట చొంగ కారింది, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. ఆటోలో జడ్చర్ల పోయారు. అక్కడ మహబూబ్‌నగర్ తీసుకుపొమ్మన్నారు. దారిలోనే అయిపోయింది.

ఆమె ఒంటి మీది బట్టలు కాల్చినప్పుడు గ్లౌజులు కూడా అందులోనే కాలాయి. కంపు కొట్టాయి. ఎవరూ అడగలేదు.

పెద్దల ముందు గాలయ్య వేలు చూపించాడు. "వీడే," అన్నాడు. ఐలేశం తల వంచుకుని నిలబడ్డాడు. గ్లౌజులు ఇచ్చానని అనలేదు. బావకు చెప్పానని అనలేదు. ఆ రోజు అని ఉంటే గాలయ్య కాదనగలిగేవాడు, పోట్లాడగలిగేవాడు, అంతటితో తెగిపోయేది. వాడు అనలేదు. ఆ తర్వాత ఆరేళ్లలో ఒక్కరికి కూడా అనలేదు. అని ఉంటే గాలయ్య చెవికి రాకుండా ఉండేది కాదు. వాడి మీద గాలయ్యకు అన్నిటికన్నా ఎక్కువ కోపం అందుకే.

లద్దె పురుగని వాడు చెప్పకపోతే రెండో మందు వచ్చేదే కాదు. రెండో మందు రాకపోతే గ్లౌజుల దాకా పోయేదే కాదు. ఇది గాలయ్య తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది.

మిగిలిన రొట్టె కాకులకు వేసి లేచాడు.

*

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. గట్టు పొడుగునా వయ్యారిభామ గడ్డి నడుము ఎత్తు పెరిగి తెల్లగా పూసింది. దాని ఆకుల మీద గోధుమరంగు గీతల పెంకుపురుగులు పాకుతున్నాయి. ఆ గడ్డీ ఆ దేశాల నుంచి వచ్చిందే. దాన్ని తినడానికి ఆ పురుగును అక్కడి నుంచే తెచ్చి వదిలారట. వజీరా ఒకదాన్ని కొంగు మీద నుంచి దులిపింది.

"గడ్డి ఆడిదే, పురుగు ఆడిదే. మన్ను ఒక్కటి మనది," అంది. ఆ వెంటనే, "పో గాలన్నా. మిగిలిన సాలు నేను చూస్త. కమలాకర్ పటేలుకు చెప్త," అంది.

"ఎందుకు పోవాలె?"

"అడిగితే చెప్పనీకి."

"ఏం చెప్పాలె?"

"నాకేం తెలుసు? నీకూ వానికీ నడుమ ఏమున్నదో. అండాలు నాకు దోస్తు. గా పిల్లగానికి గోరుముద్దలు పెడుతుంటే చూసిన. నువ్వు భుజాన మోస్తుంటే చూసిన. సచ్చేటోడు ఒక్క మాట అడుగుతుండు. ఇల్లు రాసియ్యమంటలేడు గదా."

గాలయ్య ఇసుక కోసం జోలెలో చెయ్యి పెట్టాడు. జోలె దాదాపు ఖాళీ అయింది. అడుగున ఇసుక తడిసి ముద్దగా ఉంది. ముద్ద ఇసుక మొవ్వులోకి జారదు. దాన్ని వేళ్లతో నలిపి పొడి చేస్తూ నిలబడ్డాడు. పోయి, నిలబడి, "ఏసుకున్నది" అనొచ్చు. అంటే వాడు తన మందు అంత చెడ్డదని అనుకుంటూ పోతాడు. "ఏసుకోలేదు" అనొచ్చు. అంటే వాడు, ఎందుకు ఏసుకోలేదు బావా, అంటాడు. మూడో జవాబు కోసం వెతికాడు. ఇసుక పొడి అయింది.

"ఈ సాలు ఒడిసినంక చూస్త," అన్నాడు.

వజీరా, పోనని అనలేదు గదా, అదే ఎక్కువ అనుకుంది. గబగబా అతని సాలులోకి వచ్చి అవతలి చివర నుంచి ఎదురు పట్టింది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు వస్తున్నారు. మధ్యలో కొన్ని మొక్కలు ఉండగానే ఆమె రొమ్ములో దోపుకున్న ఫోను మోగింది. కొడుకు ఆజం. ఊళ్లోనే ఆటో నడుపుతాడు. ఆమె వింది. "అచ్ఛా," అంది. మళ్లీ "అచ్ఛా," అంది. ఫోను చేతిలోనే పెట్టుకుని గాలయ్య వైపు చూసింది.

"అయిపోయిందంట," అంది.

చేను మీద గాలి లేచి ఆకులు ఒకదానికొకటి రాసుకున్నాయి. గాలయ్య తన ముందున్న మొక్కను విప్పాడు. పురుగు ఉంది. బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. చీకటి మబ్బు, పైగా కళ్లు సరిగా ఆనడం లేదు. గీత ఉందో లేదో తెలియలేదు. పురుగు అరచేతి అంచు దాకా పాకి కింద పడి మట్టిలోకి పోయింది. అతను దాన్ని వెతకలేదు.

మిగిలిన మొక్కల్లో ఇసుక పోసి, సాలు పూర్తి చేసి, గట్టెక్కాడు.

*

ఐలేశం ఇంటి ముందు జనం ఉన్నారు. శవాన్ని వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టారు. గాలయ్య నడుముకు జోలెతోనే వచ్చాడు. కాళ్లకు బురద. జనం జరిగి దారిచ్చారు. ఆరేళ్లుగా అతను ఆ వాకిట్లో కాలు పెట్టలేదని అందరికీ తెలుసు కాబట్టి ఏదో జరుగుతుందని చూశారు. ఏమీ జరగలేదు. అతను శవం కాళ్ల దగ్గర నిలబడి ముఖం చూశాడు. చెంపలు పీక్కుపోయి, ముక్కు నిలబడి, చిన్నప్పటి ముఖం మళ్లీ వచ్చింది. గాలయ్య వంగి, గాలికి తొలగిన దుప్పటిని పాదాల మీదికి లాగి, పక్కకు జరిగాడు.

వచ్చినవాళ్లు కూర్చోవడానికి బల్లలు కావాలంటే దుకాణం షట్టర్ ఎత్తారు. బల్ల ఒక చివర పట్టమని ఎవరో పిలిచారు. గాలయ్య లోపలికి పోయాడు. బల్లలు మోసుకుని మనుషులు బయటికి పోయారు. అతను ఒక్కడే ఉండిపోయాడు. మందుల వాసన ముక్కుకు కొట్టింది. తాను మోసిన అల్మారాలు అలాగే ఉన్నాయి. గల్లాబల్ల మీద, కూర్చున్నవాడి కళ్లకు ఎదురుగా, పైనుంచి దారానికి భూతద్దం ఒకటి వేలాడుతోంది. పిడి విరిగితే దారం చుట్టారు. ఆ దారం చేతుల మురికికి నల్లబడి తోలులా అయింది. దాని కింద తెల్లటి పింగాణీ పళ్లెం.

శోభ లోపలికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అత్త పోయినంక కొన్నడు," అంది. "కవరు ఇప్పి, పురుగును పళ్లెంల ఏసి, దీంట్ల చూసినంకనే మందిచ్చేటోడు. ఎవలు తొందర వెట్టినా ఇనేటోడు కాదు. ముందుగాల నెత్తి, తర్వాత తోక. తెల్వకుంటే తెల్వదని తోలిచ్చేటోడు. గిరాకంతా పోయింది."

గాలయ్య విన్నాడు. అద్దం అప్పుడు కొనాల్సింది అనుకున్నాడు.

"ఆఖర్న నాకు చెప్పిండు మామా. ఇంక బావ రాడని చెప్పిండు. నేను గ్లౌజులు ఇచ్చిన, అక్క ఏసుకున్నదా అని అడుగు అన్నడు. ఏసుకున్నా సచ్చిపోయిందంటే నా మందుదే తప్పు, గంత తెలిస్తే చాలన్నడు. నిన్నేమన్నా అనుకునేటోడా, ఆయన?" ఆమె అతని ముఖంలోకి చూసింది. "అత్త ఏసుకున్నదా మామా?"

బయట డప్పు మొదలైంది. గాలయ్య చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో సున్నం తెల్లగా ఉంది.

"గా మాట నా ముందర ఎత్తకు," అన్నాడు. "నేను గూడ ఎత్తను. ఇయ్యాల్టి సంది ఎవ్వల ముందరా ఎత్తను. నువ్వు అడిగినా సరే, దేవుడు అడిగినా సరే."

"అయితే బాపు..."

"చెప్పిన గదా."

అతను షట్టర్ కింద తల వంచి బయటికి నడిచాడు. ఊరి చివర దాకా పాడె మోశాడు. అండాలు గురించి గానీ, ఐలేశం గురించి గానీ ఆ తర్వాత అతని నోట ఎవరూ ఒక్క ముక్క వినలేదు.

అతను బయటికి పోయినప్పుడు దుకాణంలో శోభ ఒక్కతే మిగిలింది. కొంతసేపటికి ఆమె కూడా ఏడుపుల్లోకి పోయింది. గాలికో, షట్టర్ అదురుకో దారానికి వేలాడే భూతద్దం కొద్దిగా ఊగి ఆగింది. అద్దం అంచున ఐలేశం బొటనవేలి ముద్ర, మందు పొడి పట్టి తెల్లగా, ఎవరూ తుడవకుండా ఉంది.